మా అమ్మ కూడా వాడుతుంది

మావాడి వ్యాపారమంతా ఒక్క మాట మీద నడుస్తోంది. "మా అమ్మ కూడా వాడుతుందండీ!" షాపుకి ఎవరొచ్చినా, ఏమడిగినా చివరికి అక్కడికే వస్తాడు. ఆ అమ్మని నేనే.

వాడు కంప్యూటర్లు బిగించి అమ్ముతాడు. పెట్టె ఎవరైనా బిగిస్తారు, లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాలన్న దగ్గరే అసలు తెలివంతా ఉందంటాడు. ఏది పెడితే మామూలు మనిషికి రోజూ చేసుకునే పని తేలికవుతుందో కనిపెట్టడం వాడికి పని కాదు, జబ్బు. మరి ఆ మామూలు మనిషిని ఎక్కడినుంచి తేవడం? ఎక్కడికో వెళ్ళడం దేనికి, ఇంట్లోనే ఒకతి గేట్లు గీసుకుంటూ కూర్చుని ఉంది కదా.

మా ఆయనది వెల్డింగ్ షాపు. కింద షాపు, పైన మేము. గేటు కావాలన్నా, కిటికీ గ్రిల్లు కావాలన్నా, మెట్ల పక్కన పట్టుకునే కడ్డీలు కావాలన్నా ముందు నేను కంప్యూటర్లో బొమ్మ గీసి, కొలతలు వేసి, ప్రింటు తీసివ్వాలి. వచ్చినవాళ్ళు ఆ కాగితం చూసి, పైన తీగలు వద్దు, బాణాలు పెట్టండి అంటారు. మార్చి మళ్ళీ ప్రింటు తీస్తాను. వాళ్ళావిడ వచ్చి బాణాలు చూస్తే భయమేస్తోంది, తీగలే పెట్టండి అంటుంది. మళ్ళీ తీస్తాను. కొలత ఒక్క వేలెడు తప్పినా ఇనుము వృథా, మా ఆయన చేత చీవాట్లు అదనం.

నాకు అలవాటైన సిస్టమ్ ఒకటి ఉండేది. దాని మొహం అంత అందంగా ఉండేది కాదు. అయితేనేం, సొంత వంటింట్లో కళ్ళు మూసుకుని ఉప్పుడబ్బా అందుకున్నట్టు పని జరిగిపోయేది. ఒకరోజు కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి తెర మీద ఎవరిదో కొండ, దాని పక్కన చెరువు. నా బొమ్మలు ఒక్కటీ లేవు.

"అన్నీ భద్రంగా ఉన్నాయమ్మా. ఇది చాలా ఈజీ" అన్నాడు మావాడు.

ఈజీ అయినదాన్ని ఈజీ అని చెప్పాలా? నీళ్ళు తాగడం ఈజీ అని ఎవరైనా ఎవరికైనా చెప్తారా?

అది మొదలు. మూసెయ్యడానికి కుడివైపు ఉండే గుర్తు ఎడమవైపుకి పోయింది. చెయ్యి ఎడమవైపుకి అలవాటుపడే సమయానికి ఇంకో సిస్టమ్ వచ్చి మళ్ళీ కుడివైపుకి తెచ్చింది. ఒకదాంట్లో మౌసు మీది చక్రాన్ని కిందకి తిప్పితే బొమ్మ కిందకి పోతుంది, ఇంకోదాంట్లో అదే తిప్పుడుకి పైకి ఎగురుతుంది. ఒకదాంట్లో ప్రింటు ఎదురుగా ఉంటుంది, ఇంకోదాంట్లో మూడు చుక్కల వెనకాల దాక్కుంటుంది. ఒకటైతే నేను దాచిన ప్రతి బొమ్మా నన్నడక్కుండా ఇంటర్నెట్‌లోకి తీసుకెళ్ళి పెట్టేది, ఆ నెట్ పోయిన రోజున నా గేటుకీ నాకూ సంబంధం తెగిపోయేది. ఒకసారి ఒక కాంట్రాక్టరు ఎదురుగా నిలబడి ఉండగా తెరంతా నల్లబడి, కొత్త మార్పులు చేస్తున్నాం, దయచేసి ఆపకండి అని వచ్చింది. ఆయన ఓపిక పట్టాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. తర్వాత వీధి చివర ఉన్న ఇంకో వెల్డింగ్ షాపుకి వెళ్ళాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

"ఒరేయ్, నా పాతది నాకు పెట్టెయ్యరా" అని బతిమాలాను.

"నువ్వు తొందరగా నేర్చుకుంటావమ్మా. నీ మీద పరీక్షిస్తేనే కదా జనానికి ఏది సులువో నాకు తెలిసేది" అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

ఇంతటితో ఆగినా బాగుండేది. కొనేవాళ్ళని ఇంటికే తీసుకురావడం మొదలుపెట్టాడు. వాళ్ళు నా కుర్చీ వెనకాల నిలబడి చూస్తారు, నేను చేసి చూపించాలి. మొదటిసారి చకచకా చేసేశాను. వాళ్ళు వెళ్ళాక మావాడు తల పట్టుకున్నాడు.

"అంత స్పీడుగా చేస్తే ఎలాగమ్మా? నువ్వేదో ఎక్స్‌పర్టనుకుంటారు. కొంచెం వెతుక్కో. ప్రింటు ఎక్కడుందబ్బా అను. తర్వాత దానంతటదే దొరికినట్టు సంతోషపడు."

"సినిమాల్లో పెట్టరా మీ అమ్మని" అన్నాడు మా ఆయన కిందనుంచి, మొహానికున్న వెల్డింగు అద్దాలు తియ్యకుండానే.

ఎందుకు ఒప్పుకున్నానంటే, వాడి షాపుకి అప్పుడప్పుడే నలుగురు రావడం మొదలైంది. ఇంకొకటి కూడా ఉంది. వచ్చినవాళ్ళు "అబ్బో, ఈ వయసులో!" అనేవాళ్ళు. పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల కాస్త పొంగేదాన్ని, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అలా ఒకరోజు రక్తపరీక్షల ల్యాబు డాక్టరుగారు వచ్చారు. వెంట ఒకావిడ. ల్యాబు కౌంటర్లో కూర్చునేది ఆవిడేనట. నా వయసే ఉంటుంది, కళ్ళజోడుకి గొలుసు కట్టి మెళ్ళో వేసుకుంది.

"మా పాత సిస్టమ్ ఇక పనికిరాదంటున్నారు. కొత్తది ఏది పెట్టినా ఈవిడకి నేర్పేసరికి నా తలప్రాణం తోకకొస్తుంది. అందుకే కళ్ళారా చూస్తుందని తీసుకొచ్చాను" అన్నారు డాక్టరుగారు. ఆ మాట ఆవిడ ఎదురుగానే అన్నారు.

మావాడు తన మాట తను చెప్పాడు. నేను నా పాత్ర నేను వేశాను. ఒక గేటు తెరిచాను, ఇంకో గేటు తెరిచాను, కిటికీ గ్రిల్లు తెరిచాను. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాను. ప్రింటు దగ్గర "ఎక్కడుందబ్బా" అని మొహం చిన్నది చేసుకుని, దొరకగానే చిన్నపిల్లలా నవ్వాను. తెర మాత్రం కడిగిన పళ్ళెంలా ఉంది. పైన ఏమీ లేదు, కింద ఏమీ లేదు. డాక్టరుగారికి అదే నచ్చింది.

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు. పెట్టెయ్యి. మా దగ్గర బాగా నడిస్తే మిగతా రెండు ల్యాబుల్లోనూ ఇదే పెడదాం" అన్నారు మావాడితో.

మావాడి మొహం వెలిగిపోయింది. ఆవిడ మాత్రం మెట్లు దిగబోతూ నన్నొక ప్రశ్న అడిగింది. "ఒకేసారి ఎన్ని తెరుచుకోవచ్చండీ ఇందులో?"

"ఎన్నయినా!" అన్నాను, దర్జాగా.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కింద గ్రైండరు రంయ్‌మంటుంటే ఆవిడ ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. ఎండలో నడిచొచ్చినట్టుంది, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"డాక్టరుగారు పంపలేదండీ. భోజనం టైములో నేనే వచ్చాను. మీరు ఎలా చేస్తారో ఇంకొక్కసారి చూపిస్తారా?"

మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, సంగతేంటని అడిగాను.

"ఒక పెద్దాయనకి షుగరు చాలా ఎక్కువ. ఆయన రిపోర్టు అనుకుని వేరేవాళ్ళది ప్రింటు తీసి ఇచ్చేశాను. అందులో అంతా మామూలుగా ఉంది. ఆయన సంతోషంగా ఇంటికెళ్ళి మందులు మానేశాడు. అదృష్టం, మర్నాడు వాళ్ళమ్మాయి కాగితం మీద పేరు చూసి పరుగెత్తుకొచ్చింది." ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ల్యాబు తెరిచిన రోజునుంచీ ఉన్నానండీ. ఒక్కటంటే ఒక్క రిపోర్టు మారలేదు. ఇప్పుడు రోజూ ఏదో ఒకటి."

"డాక్టరుగారు ఏమన్నారు?"

"ఆ గేట్లావిడకి వచ్చింది నీకెందుకు రాదన్నారు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందటన్నారు. సోమవారం నుంచి వేరే మనిషిని పెట్టుకుంటారట. ఈ వయసులో నాకింకెవరిస్తారండీ పని?"

గేట్లావిడ! నా పేరు చెప్పి ఇంకో ఆడమనిషిని కొడుతున్నారన్నమాట.

కుర్చీలో కూర్చుని చేసి చూపించాను. ఈసారి నటించలేదు. గేటు, ఇంకో గేటు, గ్రిల్లు, మళ్ళీ మొదటి గేటు. ఆవిడ తెరవైపు చూడటమే లేదు. నా చేతుల్నే చూస్తోంది.

"ఆగండి. మీ ఎడం చెయ్యి ఇప్పుడేం చేసింది?"

నేనూ నా ఎడం చేతిని చూసుకున్నాను. కీబోర్డు మూల రెండు మీటల మీద రెండు వేళ్ళు ఆనించి ఉన్నాయి. ఆ రెండూ కలిపి నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారొచ్చు. అది రెండో సిస్టమ్‌లోనో మూడో సిస్టమ్‌లోనో తిట్టుకుంటూ నేర్చుకున్నది. తర్వాత వచ్చినవాటన్నిట్లోనూ పనిచేసింది. నొక్కుతున్నానని నాకే గుర్తులేదు.

"ఇదెవరూ చెప్పలేదే!" అంది. కుర్చీ ఇచ్చాను. రెండుసార్లు నొక్కి చూసింది, మొహం విప్పారింది. మూడోసారి నొక్కబోయి ఆగిపోయింది. ఎడం చెయ్యి మెల్లగా లేచి చెవి దగ్గరికి వెళ్ళింది.

"నా ఎడం చేతిలో ఎప్పుడూ ఫోనుంటుందండీ" అంది.

స్పీకర్లో పెట్టుకోవచ్చుగా అన్నాను. ఒకరి జబ్బు సంగతి వరండాలో అందరికీ వినిపించకూడదంది. తలకి తగిలించుకునేది ఉంటుంది కదా అన్నాను. అదీ ఇచ్చారట, అది పెట్టుకుంటే ఎదురుగా నిలబడ్డ మనిషి మాట వినబడదట. పాతదాంట్లో తెర కింద ఒక పట్టీ ఉండేదట. తెరిచిన రిపోర్టులన్నీ ఆ పట్టీలో పేర్లతో వరసగా కనబడేవి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళతో మాట్లాడుతూ, పేరు చూసి కుడిచేత్తో నొక్కేది. అంతే. కొత్తదాంట్లో ఆ పట్టీ లేదు. తెర శుభ్రంగా ఉండాలని తీసేశారు.

సాయంత్రం మావాడు ఇంటికి రాగానే అందుకున్నాను.

"ఆవిడకి నేర్చుకోవాలని లేదమ్మా. నువ్వు నేర్చుకోలేదూ?" అన్నాడు.

"నేనా? నేను ఎన్ని నేర్చుకున్నానురా, లెక్కుందా నీకు? ఇన్నిటితో కుస్తీ పట్టినదానికి ఏదైనా తేలికగానే ఉంటుంది. నన్ను కూర్చోబెట్టి మామూలు మనిషంటే ఎలా?"

మా ఆయన చేతులు కడుక్కుంటూ అన్నాడు. "తాళం తేలికగా వస్తోందా లేదా అని తాళాలు చేసేవాణ్ణి అడిగితే ఏం లాభంరా?"

మావాడు కుర్చీలో కూలబడ్డాడు. "ఇప్పుడు నేను వెళ్ళి, ఇది మీకు పనికిరాదండీ అంటే ఆ రెండు ల్యాబులూ పోతాయి నాన్నా. పైగా అబద్ధం చెప్పానంటారు. నా పరువేం కావాలి?"

"నాకు నీ పరువూ కావాలి, ఆవిడ ఉద్యోగమూ కావాలి. రెండూ నిలబడే దారి చెప్పు, నోరు మూసుకుంటాను" అన్నాను.

వాడు లేచి వెళ్ళబోతుంటే, పొద్దున ల్యాబుకి వెళ్దాం, బండి తియ్యమన్నాను. నువ్వేం చెప్తావని అడిగాడు. ఏం చెప్తానో అప్పటికి నాకే తెలియదు. కోపం మాత్రం ఉంది, అదీ ఎవరి మీదో తేలడం లేదు.

ల్యాబులో కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. జనం మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని కూర్చున్నారు. పరగడుపున వచ్చినవాళ్ళ చిరాకు గదంతా ఉంది. డాక్టరుగారు నన్ను చూసి ఎదురొచ్చారు.

"రండి రండి. మీరే చెప్పాలి ఈవిడకి. మా మాట చెవికెక్కడం లేదు."

ఆవిడ లేచి కుర్చీ ఇచ్చింది. నా వైపు చూడలేదు. కూర్చున్నాను. అప్పుడే ఫోను మోగింది. ఆవిడ అందుకోబోతుంటే, "ఇలా ఇవ్వండి" అని తీసుకుని ఎడం చేత్తో చెవి దగ్గర పెట్టుకున్నాను. థైరాయిడ్ పరీక్ష రిపోర్టు వచ్చిందా, ఎంతుందో చెప్పండి అని ఎవరో మగమనిషి. పేరు చెప్పాడు. ఎదురుగా ఒకావిడ చంటిపిల్లని భుజాన వేసుకుని, "మాది ఎప్పుడిస్తారండీ?" అంటోంది. ఆవిడ వెనకాల ఇంకొకాయన తన చీటీ నా ముక్కు దగ్గర పెట్టాడు.

కుడిచేత్తో మౌసు పట్టుకుని మూలకి తోశాను. తెరిచి ఉన్న రిపోర్టులన్నీ ఒక్కసారిగా తెరంతా పరుచుకున్నాయి, చిన్న చిన్న తెల్లకాగితాలు. అన్నీ ఒకేలా ఉన్నాయి. పేర్లు చీమల్లా ఉన్నాయి. చంటిపిల్ల ఏడుపందుకుంది. ఫోనులో ఆయన "హలో, హలో" అంటున్నాడు. ఎడమ వేళ్ళు అలవాటుకొద్దీ మీటలకోసం కదిలాయి, వాటిలో ఫోనుంది. ఏదో ఒకటి నొక్కి, తెరుచుకున్న దాంట్లో అంకె చదివి చెప్పేశాను.

"అది ఆయనది కాదండీ" అంది పక్కనుంచి ఆవిడ, నెమ్మదిగా.

చూసుకుంటే నిజంగానే కాదు. ఎవరిదో అంకె ఎవరికో చెప్పాను. ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని, "ఒక్క నిమిషం సార్, సరిచూసి చెప్తాను" అంది. నాకు చెమటలు పట్టాయి. ఇందులో రవ్వంత నటన లేదు.

డాక్టరుగారు నోరు తెరిచేలోపే నేనే అన్నాను.

"డాక్టరుగారూ, నన్ను చూసి మీరు ఇది కొనకుండా ఉండాల్సింది. ఇంతకుముందు మావాడు నా మీద ఎన్ని సిస్టమ్‌లు పరీక్షించాడో లెక్క లేదు. నాకు అన్నీ వచ్చు. ఆ రోజు వెతుక్కున్నట్టు నటించాను. రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని, ఇంట్లో తీరిగ్గా కూర్చుని చేశాను. ఆవిడకి ఉన్నది ఒక్క చెయ్యి. ఆ ఒక్క చేత్తో నాకూ రాలేదు, చూశారుగా."

"నటించారా?" డాక్టరుగారి మొహం ఎర్రబడింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మావాడి వైపు తిరిగారు. "ఇది మోసం కాదటయ్యా?"

మావాడు లోపలికొచ్చాడు. "నటించమన్నది నేనేనండీ. మా అమ్మ తప్పేం లేదు. కింద పేర్ల పట్టీ ఉండే సిస్టమ్ ఇంకోటుంది. అదీ కొత్తదే, ఏ ఇబ్బందీ ఉండదు. చూడ్డానికి పాతగా ఉంటుందని, మీకు నచ్చదని పెట్టలేదు."

"వాడేది నేనా, ఆవిడా?" అని అరిచారు డాక్టరుగారు. ఆ ప్రశ్న మొదటిరోజే వేసి ఉంటే ఎంత బాగుండేదో! అనబోయి నాలుక కొరుక్కున్నాను.

మావాడు తన ల్యాప్‌టాప్ తెచ్చి, అందులో ఉన్న ఆ సిస్టమ్‌ని ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య కాదు, సరిగ్గా ఎడం చేత్తోనే పట్టుకుని, నాలుగు కాగితాలు తెరిచి ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయి చూసింది. తడుముకోలేదు. ఒక్కసారి ఎక్కడో ఆగి, "ఇదిగో, ఇక్కడుంది" అనుకుంది. అది నటన కాదని పక్కనున్న నాకు తెలుసు.

"ఇది చాలండీ నాకు" అంది.

డాక్టరుగారు, "సరే, సోమవారం మామూలుగానే రండి" అన్నారు ఆవిడతో. మిగతా రెండు ల్యాబుల సంగతి మావాడు నసుగుతూ అడిగితే "తర్వాత చూద్దాం" అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో వ్యాపారం చేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మావాడు పాత రిపోర్టులన్నీ కదపకుండా కొత్తది ఎక్కించే పనిలో పడ్డాడు. ఎక్కించినంతసేపు ఆవిడా నేనూ కౌంటరు పక్కన బల్ల మీద కూర్చున్నాం. నిజం చెప్పాలంటే నాకు థాంక్స్ చెప్తుందని కూర్చున్నాను. కన్నకొడుకు వ్యాపారం పాడైనా ఫరవాలేదని నిజం చెప్పానా లేదా? ఆవిడ చీటీలు సర్దుకుంటూనే ఉంది. చివరికి నేనే అన్నాను.

"పోనీలెండి, మీ ఉద్యోగం నిలబడింది."

"నిలబడిందండీ." ఇంకో చీటీ సర్దింది. "మీ మీద కోపం లేదు గానీ ఒక్క మాట అంటాను. ఆ రోజు మీరు వెతుక్కుని, దొరకగానే అంత సంతోషపడ్డారు చూడండి, నేను నిజమే అనుకున్నాను. ఈవిడకి నాకన్నా తక్కువ తెలుసు, ఈవిడకే వస్తే నాకు రాకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను. రాలేదు. ఎంత చేసినా రాలేదు. డాక్టరుగారు తిట్టారని కాదు, నాకే భయం పట్టుకుంది. మా అమ్మకి పోయేముందు మరుపొచ్చింది. నాకూ మొదలైందేమో అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే ఎవరూ రాకముందు ఇక్కడి అమ్మాయి చేత రక్తం తీయించుకున్నాను. మరుపుకి ఏమేం పరీక్షలు చేస్తారో అన్నీ చేయించుకున్నాను."

"ఏమొచ్చింది?" అన్నాను.

"అన్నీ బాగానే ఉన్నాయని వచ్చింది. ఇదిగో, ఈ బల్ల మీదే కూర్చుని ఆ కాగితం చూసి ఏడ్చానండీ. జబ్బయితే మందుంటుంది, చేతకానితనానికి ఏముంటుంది అనుకున్నాను."